బాబు చేత కబుర్లు మోయించడం ఆపండి

ప్రశ్న: మాది హన్మకొండ. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి వ్యాపారం చేస్తాను. బాబుకు పదేళ్లు, ఐదో తరగతి. నిరుటి దాకా క్లాసులో ముందుండేవాడు. ఇప్పుడు చదివింది గుర్తుండటం లేదు, వచ్చిన ఎక్కాలు కూడా తప్పుతున్నాడు, రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నాడు. చుట్టూ ఉన్న వాతావరణాన్ని బట్టే పిల్లల మెదడు తయారవుతుందని ఒక వీడియోలో విన్నాను. మా ఇంట్లో వాతావరణం బాగాలేదు. నా భార్య బంగారం కుదువబెట్టి, మా అన్నతో కలిసి ధర్మసాగర్ దగ్గర ప్లాటు కొన్నాను. ఆమెకు ముందు చెప్పలేదు. ఇప్పుడది తగాదాలో పడింది. అడిగితే కోపంలో “నా ఇంట్ల నన్ను అడగడానికి నువ్వెవరు?” అన్నాను. అప్పుడు అమ్మ, అన్న, బాబు అక్కడే ఉన్నారు. కొన్నాళ్లు రోజూ గొడవే. ఎనిమిది నెలలుగా అసలు మాటల్లేవు. ఏదైనా అవసరం ఉంటే బాబుతో చెప్పించుకుంటాం. వాడిని ఆరో తరగతికి హైదరాబాద్‌లో ఐఐటీ ఫౌండేషన్ ఉన్న హాస్టల్లో వేద్దామని అడ్వాన్సు కట్టాను. వద్దనుకుంటే అది తిరిగి రాదంటున్నారు. మెదడు ఎదగాలంటే ఏ వయసులో వాతావరణం మార్చాలి? కళ్లకు గంతలు కట్టి చదివించే బ్రెయిన్ క్లాసులు పనిచేస్తాయా?

జవాబు: తమ్ముడూ, మీరడిగిన రెండింటికీ ముందు జవాబు చెప్పేసి పక్కన పెడతాను. గంతల క్లాసుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ముక్కు పక్కన సందులోంచి కనబడుతుంది, పిల్లలు చూసే చదువుతారు. వాతావరణం మార్చడానికి హాస్టల్ అంటారా, ఈ ఏడాది వద్దు.

ఇక అసలు సంగతి. “ఏదైనా అవసరం ఉంటే బాబుతో చెప్పించుకుంటాం” అని ఒక్క ముక్కలో రాసి దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను.

ఆ పని ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? “అన్నం పెట్టిన, తినమని చెప్పు మీ నాన్నకు.” “రేపు మార్కెట్ బంద్, పొద్దుగాల లేపొద్దని చెప్పు మీ అమ్మకు.” వంటగదికీ హాలుకూ మధ్య తిరిగే ఆ పిల్లవాడు మాటలు మాత్రమే మోయడం లేదు. అమ్మ అన్న గొంతుతోనే చెబితే నాన్నకు కోపం వస్తుంది. మెత్తగా మార్చి చెబితే అబద్ధం ఆడినట్టు వాడికే అనిపిస్తుంది. ఎవరి ముఖం ఎలా ఉంది, ఏది చెప్పాలి, ఏది మింగాలి అని గడప దాటేలోపు లెక్క వేసుకోవాలి. ఇంట్లో ఉన్నంతసేపూ పదేళ్లవాడి బుర్ర ఈ కాపలాలోనే ఉంటే పదిహేడో ఎక్కం ఎక్కడ నిలుస్తుంది?

మీరు చూసిన వీడియో అబద్ధం చెప్పలేదు. మీరే సగం విన్నారు. 1964లో అమెరికాలోని బర్కిలీలో మేరియన్ డైమండ్, ఆమె తోటి శాస్త్రవేత్తలు కొన్ని ఎలుకలను పెద్ద పంజరంలో ఆట వస్తువులు మారుస్తూ పెంచారు, కొన్నింటిని చిన్న పంజరంలో ఒక్కొక్కటిగా ఉంచారు. మొదటి వాటిలో మెదడు పైపొర మందంగా ఎదిగింది. ఈ కథ చెప్పేవాళ్లంతా ఆట వస్తువుల దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే అమ్ముకోవడానికి పనికొచ్చేవి అవే. ఆ పెద్ద పంజరంలో తోడు ఎలుకలు కూడా ఉన్నాయి. వాతావరణం అంటే ఏసీ క్లాసు, స్మార్ట్ బోర్డు అనుకుంటున్నారు మీరు. పదేళ్ల పిల్లవాడికి వాతావరణం అంటే ముందు అమ్మా నాన్నే.

మీకు బాగా తగలాల్సింది ఇంకొకటి ఉంది. ఆరు నెలల నుంచి ఏడాది వయసున్న పసిపిల్లలు నిద్రలో ఉండగా ఒరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్లు మెదడు స్కాన్ చేశారు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నిద్రపోతున్న పిల్లలకు అర్థం లేని మాటలనే కోపంగా ఒకసారి, మామూలుగా ఒకసారి, సంతోషంగా ఒకసారి వినిపించారు. తల్లిదండ్రులు ఎక్కువగా పోట్లాడుకునే ఇళ్ల పిల్లల్లో, బాగా కోపంగా ఉన్న గొంతు వినగానే ఒత్తిడికీ భావోద్వేగాలకూ సంబంధించిన భాగాలు ఎక్కువగా స్పందించాయి. వాళ్లకు మాటలే రావు, పైగా నిద్రలో ఉన్నారు.

“ఇప్పుడు మా ఇంట్లో అరుపులు లేవు కదా” అంటారేమో. ఆ అరుపులు విన్నవాడికి తర్వాత వచ్చిన ఈ మౌనం ప్రశాంతంగా ఉంటుందా? మళ్లీ ఎప్పుడు మొదలవుతుందా అని చెవులు రిక్కించి ఉంటాడు. అలా రోజుల తరబడి టెన్షన్‌లో ఉంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువగా ఊరుతుంది. కొత్తగా నేర్చుకున్నది దాచిపెట్టే హిప్పోక్యాంపస్ అనే భాగం మీద దాని ప్రభావం పడుతుంది. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా మాత్రం చురుగ్గా ఉంటుంది. రాత్రి ఉలిక్కిపడి లేవడం, చదివింది నిలవకపోవడం ఒకే చోటి నుంచి వస్తున్నాయని నా అనుమానం. వాడి మెదడు పాడైపోయిందని కంగారు పడకండి. మీ ఇంట్లో ఏది అవసరమో అదే నేర్చుకుంటోంది, అంతే. అలాంటివాడిని హాస్టల్లో వేస్తే, నా వల్లే అమ్మానాన్నలు ఇలా అయ్యారు, అందుకే నన్ను పంపించారు అనుకుంటాడు. పిల్లల లెక్క అలాగే ఉంటుంది.

మీ భార్య దగ్గరికి వస్తాను. ఆ మాట కోపంలో వచ్చిందంటే నేను నమ్మను. చెప్పకుండా బంగారం తీసిన రోజే అది మీ మనసులో ఉంది, కోపం దాన్ని బయటపెట్టింది. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం ఆమెది. భర్తకు దాని మీద హక్కు లేదని, కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత అతనిదేనని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీకైతే కష్టకాలం కూడా రాలేదు, అన్నతో కలిసి ప్లాటు కొనాలనిపించింది. అత్త, బావ, కన్నకొడుకు చూస్తుండగా ‘నువ్వెవరు’ అనిపించుకున్న ఆడమనిషి మర్నాడు నవ్వుతూ టీ ఇవ్వాలా? ఆమె మాట్లాడకపోవడంలో నాకు తప్పు కనబడటం లేదు. కొడుకుతో కబుర్లు పంపడం మాత్రం ఆమెదీ తప్పే. ఆమె ఉత్తరం రాస్తే ఆమెకు చెబుతాను.

ఈ రోజు నుంచి బాబు చేత ఒక్క కబురు కూడా పంపకండి. మీరే వంటగది గుమ్మం దాకా వెళ్లి చెప్పండి. ఆమె జవాబివ్వకపోతే ఇవ్వనివ్వండి, మీరు మళ్లీ వెళ్లండి. ఆ మాట ఎవరి ముందు అన్నారో వాళ్ల ముందే, మీ అమ్మ, అన్న, బాబు ముందే, తప్పయిందని చెప్పండి. పడగ్గదిలో తలుపేసి చెబితే చెల్లదు. బంగారం ఎప్పటిలోగా విడిపిస్తారో తేదీతో సహా చెప్పండి. మిర్చి సీజన్ అయ్యాక చూద్దాం అనకండి. అన్నతో ప్లాటు లెక్క తేలకపోతే మీ వాటా ఎవరికైనా అమ్మేసైనా విడిపించండి. అన్న ఏమనుకుంటాడో అన్న మొహమాటం బంగారం తీసిన రోజున ఆమె విషయంలో ఉండి ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు.

ఈ వయసులో నా స్వభావం మారుతుందా అని మాత్రం నాతో అనకండి. లండన్‌లో ట్యాక్సీ లైసెన్సు కావాలంటే దాదాపు 25 వేల వీధులు కంఠస్థం చేయాలి, మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ నేర్చుకునేవాళ్ల మెదళ్లను ఎలియనార్ మగ్వైర్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి స్కాన్ చేసి 2011లో ఫలితం చెప్పింది. పరీక్ష నెగ్గినవాళ్లలో హిప్పోక్యాంపస్ వెనుక భాగం పెరిగింది, నెగ్గలేనివాళ్లలో పెరగలేదు. వాళ్లందరూ పెద్దవాళ్లే. అన్ని వీధులు నేర్చుకోగలిగిన బుర్ర మనుషులది. “తప్పయింది” అనడానికి ఒక మాట చాలు.

బాబు క్లాస్ టీచర్‌ను కలిసి, ఇంట్లో కొంచెం ఇబ్బందిగా ఉంది, కొన్నాళ్లు మార్కుల గురించి ఒత్తిడి పెట్టొద్దని చెప్పండి. రాత్రులు లేవడం తగ్గకపోతే వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు, చూపించండి. 14416కు ఫోన్ చేస్తే, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. హాస్టల్ సంగతి ఏడో తరగతి అప్పుడు చూడండి, వాడిని అడిగి.

అడ్వాన్సు తిరిగి రాదని బాధపడుతున్నారు. పోతే పోనివ్వండి. ఆమె మెళ్లోంచి పోయినదాని ముందు అదెంత?