జీరో కంటే ముందు జూ

అమ్మలూ,

ఫోన్లో నువ్వు స్పెల్లింగ్ చెబితే అవతలివాళ్లు జెడ్ బదులు జి రాసుకుంటున్నారని, ఆ టెన్షన్‌తో నీకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని మీ అమ్మ చెప్పింది. అమెరికావాళ్లు జెడ్‌ని ‘జీ’ అంటారు కదా. ఆ మాట మన మామూలు ‘జ’తో పలికితే వాళ్ల చెవికి అది జి అక్షరమే. ఇది నీ తెలివికి సంబంధించింది కాదు, నాలుకకి అలవాటు లేదు, అంతే.

పోర్టులో చేరిన కొత్తలో నేనూ ఇలాగే ఇబ్బంది పడ్డాను. ఓడల పేర్లు రేడియోలో అక్షరం అక్షరం చెప్పాలి. జెడ్‌కి ‘జులు’, జికి ‘గోల్ఫ్’ అని చెప్పే పద్ధతి ఉండబట్టి గట్టెక్కాను. నువ్వూ నాలుక తిరిగేదాకా ‘జీ ఫర్ జీబ్రా’ అని చెప్పు, తప్పేం లేదు.

ఇక అసలు సంగతి. ‘జీడిపప్పు’ అను. వెంటనే ‘జున్ను’ అను. రెండు ‘జ’లూ ఒకటి కావు. జున్ను అన్నప్పుడు నాలుక కొస ముందుకొచ్చి పైపళ్ల వెనక తగులుతుంది. జడ, జల్లెడ, జొన్న కూడా అంతే. బ్రౌన్ దొర తన నిఘంటువులో ఈ ‘జ’కి వేరే గుర్తు కూడా పెట్టాడు. నీకు కావలసిన శబ్దం దీని పక్కనే ఉంది. జున్నులో నాలుక ఒక్క క్షణం గాలిని ఆపేస్తుంది. జెడ్‌లో ఆపకూడదు, సన్నటి సందు వదలాలి.

పాము బుసకొట్టినట్టు ‘స్స్స్’ అంటూ ఉండు. నాలుక కదపకుండా గొంతు కలుపు. రెండు చేతులతో చెవులు మూసుకుంటే తలంతా తుమ్మెద తిరిగినట్టు మోగుతుంది. అదే జెడ్. ఊపిరి ఉన్నంతసేపూ సాగదీయగలిగితే సరిగ్గా వచ్చినట్టు. ‘జ’ని అలా సాగదీయలేవు, చూసుకో.

మొదలుపెట్టేటప్పుడు జీరో జోలికి పోకు. తెలుగులో జున్నులోని ‘జ’ ఇ, ఎ ల ముందు రాదు. అందుకే జీరో, జీబ్రా అనబోతే నాలుక జీడిపప్పు వైపు జారిపోతుంది. ముందు ‘జూ’ పట్టుకో. చిన్నప్పుడు మన జూకి వెళ్దామని ఎంత మారాం చేసేదానివో! ఆ మాటే వారం రోజులు అను. తరవాత జోన్, ఆ తరవాతే జీరో.

ఇంకొకటి, ఇంగ్లీషులో ఈ శబ్దం చాలాసార్లు ఎస్ వేషంలో ఉంటుంది. ఈజ్, వాజ్, బికాజ్, బిజీ, అన్నిట్లోనూ ఇదే. ప్రైస్, ప్రైజ్ రెండూ పక్కపక్కన పలికి ఫోన్లో రికార్డు చేసుకుని విను. ప్రైజ్‌లో ‘ఐ’ కాస్త సాగాలి.

అలాగని ప్రతి ‘జ’నీ మార్చేయకు. జామ్, ప్రాజెక్ట్, మేనేజర్ మన ‘జ’తోనే పలకాలి. కొత్తలో నేను మేనేజర్‌ని కూడా జెడ్‌తో పిలిచేవాణ్ణి. మన వైజాగ్‌కి మాత్రం ఇంగ్లీషులో జెడ్డే. ఇంట్లో ఎప్పట్లాగే అనుకో, ఆఫీసు ఫోన్లో మాత్రం గొంతు మోగించి చెప్పు.

ఆదివారం ఇంటికి రా. బీచ్‌లో నడుస్తూ పలుకుదువుగాని, నేను వింటాను.

మీ పెదనాన్న