ముందు అడ్రస్, తర్వాతే విమానం టికెట్

ప్రశ్న: మాది నరసన్నపేట. మా అమ్మాయికి బెర్లిన్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది, అక్టోబరులో క్లాసులు. హాస్టల్‌కి వెయిటింగ్ లిస్టులో ఉంది. అక్కడున్న తెలిసినవాళ్ల అమ్మాయి "ముందు వచ్చేయ్, మా గదిలో సర్దుకుందాం" అంటోంది. పంపొచ్చా అండీ?

జవాబు: ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగించండి. ఆ ఇంటి అడ్రస్ మీద మీ పాపకు రిజిస్ట్రేషన్ అవుతుందా, లేదా? అవుతుందంటే నిశ్చింతగా పంపండి. నసిగితే మాత్రం వేరే గది వెతకాల్సిందే.

జర్మనీలో కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా అక్కడి ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. దాన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. అద్దె అగ్రిమెంటు ఒక్కటే చాలదు, ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన కాగితం కావాలి. నమోదు కాకపోతే ట్యాక్స్ నంబరు రాదు, రెసిడెన్స్ పర్మిట్ పనీ ముందుకు కదలదు. వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్లో మీరు వేసే 11,904 యూరోలు నెలకు 992 చొప్పున అక్కడి మామూలు బ్యాంకు అకౌంట్లో పడతాయి. ఆ అకౌంట్ తెరవడానికి చాలా బ్యాంకులు అడిగేదీ ఈ అడ్రస్ నమోదు కాగితమే. అందుకని రెండు నెలల ఖర్చు ఫారెక్స్ కార్డులో విడిగా వేసి పంపండి. బెర్లిన్‌లో ఆ ఆఫీసు అపాయింట్‌మెంటు అంత తేలిగ్గా దొరకదు. బయల్దేరకముందే ఆన్‌లైన్‌లో వెతకమనండి.

మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది పోస్టు డబ్బా. అక్కడి అపార్ట్‌మెంట్లలో మామూలుగా ఫ్లాట్ నంబర్లుండవు, డబ్బా మీదా కాలింగ్ బెల్ పక్కనా ఇంటిపేరే ఉంటుంది. పేరు కనపడకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. ట్యాక్స్ నంబరు, ఇన్సూరెన్స్ కార్డు, బ్యాంకు పిన్ అన్నీ పోస్టులోనే వస్తాయి. గదిలో దిగిన రోజే, పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు చీటీ మీద రాసి అంటించమనండి.

అడ్వాన్సు విషయంలో గట్టిగా ఉండండి. చట్ట ప్రకారం మూడు నెలల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు, అదీ హీటింగ్ వగైరా ఖర్చులు కలపని అద్దె మీద. "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు వేస్తే తాళాలు కొరియర్ చేస్తా" అన్నవాడికి పైసా కూడా పంపకండి, వాడు మోసగాడే.

గది దొరికినా హాస్టల్ లిస్టులోంచి పేరు తీయించొద్దు. టికెట్ మాత్రం వారం మొదట్లో దిగేలా కొనండి. ఆదివారం అక్కడ దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి, బియ్యం కొనుక్కోవాలన్నా కష్టమే.