దారి చూడ్డానికే వెళ్తే ఏ రైలు ఎక్కాలి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లో అందరూ విదేశాలు తిరిగొచ్చి ఫొటోలు పెడుతున్నారు. మా పిల్లలిద్దరూ "మనమెప్పుడు స్విట్జర్లాండ్ వెళ్దాం" అని ప్రాణం తీస్తున్నారు. మావారి జీతంతో ఇప్పట్లో అయ్యే పని కాదు. మన దేశంలోనే అంత అందంగా ఉండే చోటు ఏదైనా చెప్పండి. కానీ వెళ్లొచ్చాక పిల్లలు "ఇంతేనా" అనకూడదు.
— ఒక గృహిణి, గుంటూరు

జవాబు: "అంత అందంగా" అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే. లంబసింగిని ఆంధ్రా కాశ్మీర్ అంటాం, అరకుని ఆంధ్రా ఊటీ అంటాం, దాంతో వెళ్లినవాళ్లు లేని మంచు కోసం వెతుక్కుని ఉన్న కొండని సరిగ్గా చూడకుండానే తిరిగొచ్చేస్తారు. పిల్లలకి ఆ బిరుదులేవీ చెప్పకుండా తీసుకెళ్లండి.

నా ఓటు అరకుకి. ఊరికి కాదండీ, అక్కడికి వెళ్లే రైలుకి. విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలెక్కితే అరకు చేరడానికి సుమారు నాలుగు గంటలు. కారులో అయితే ఇంకాస్త త్వరగా వెళ్లొచ్చు కదా అంటారేమో, త్వరగా వెళ్లి అక్కడ చేసేదేముంది? ఇది అసలు టూరిస్టుల కోసం వేసిన లైనే కాదు. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి 1960లలో కొండల్ని తొలిచి వేశారు. అందుకే ఇప్పటికీ మధ్యలో ఏదో చిన్న స్టేషన్లో మీ రైలు ఆగిపోయి, పక్క లైన్లో ఎర్రదుమ్ము పట్టిన ఖనిజం బండి ఒకటి ఎంతకీ అయిపోకుండా వెళ్తూ ఉంటుంది. పిల్లలు వ్యాగన్లు లెక్కపెట్టుకుంటారు, మీరు కంగారు పడకండి.

శృంగవరపుకోట దాటాక మొదలవుతుంది అసలు సంగతి. 58 సొరంగాలు. సొరంగంలోకి దూరగానే పెట్టెలో పిల్లలందరూ ఒకేసారి కేకలు పెడతారు, కిటికీలోంచి చెమ్మగా చల్లగాలి మొహానికి కొడుతుంది, రాతిగోడ చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో పరుగెడుతుంది (చెయ్యి మాత్రం చాపనివ్వొద్దు), ఉన్నట్టుండి వెలుతురొస్తుంది, చూస్తే కింద లోయ, ఆ లోయకి అవతల మనం ఇందాక దాటొచ్చిన పట్టాలు సన్నగా కనిపిస్తాయి. ఇలా ఒకదాని తర్వాత ఒకటి. శిమిలిగూడ స్టేషన్ దగ్గరికొచ్చేసరికి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంటారు. పొద్దున బయల్దేరింది సముద్రం పక్కనుంచి అని పిల్లలకి గుర్తుచేయండి.

ఈ రైలుకి 2017 నుంచి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె కూడా తగిలిస్తున్నారు. సీట్లు తిప్పుకోవచ్చు, బాగుంటుంది, ఫొటోలు కూడా బాగా వస్తాయి. కానీ అది ఏసీ, కిటికీలు తెరుచుకోవు. పిల్లలతో అయితే నేను మామూలు పెట్టే ఎక్కుతాను. వచ్చేటప్పుడు మాత్రం మళ్లీ రైలే అనుకోకండి, చలికాలంలో అది కిందికి దిగేసరికి చీకటి పడిపోతుంది. మధ్యాహ్నం బస్సులోనో జీపులోనో అనంతగిరి ఘాట్ మీదుగా దిగితే కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు పగటిపూట చూసినట్టవుతుంది.

ప్రశ్న: గోవా దారి అద్భుతంగా ఉంటుందని ఎవరో చెబితే థర్డ్ ఏసీలో టికెట్లు చేయించుకుని వెళ్లాం. ఏమీ కనపడలేదు. డబ్బులు దండగ అనిపించింది. ఎక్కడ తేడా కొట్టింది సార్?
— ఓ బ్యాంకు ఉద్యోగి, నంద్యాల

జవాబు: తేడా కొట్టింది దారిలో కాదు, టికెట్లో. ఏసీ పెట్టె అద్దానికి రంగు ఉంటుంది, దానిమీద ఏళ్లనాటి మరకలు, బయట వాన పడితే ఇక నీళ్ల చారలు తప్ప ఏమీ ఉండవు. పైగా మీకు ఏ అప్పర్ బెర్తో వచ్చి ఉంటుంది. చూడ్డానికి వెళ్లేటప్పుడు స్లీపరో, పగటి రైళ్లలో సెకండ్ సిట్టింగో తీసుకోండి. పడుకునే టైం రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకే, ఆ తర్వాత మిడిల్ బెర్తు దించి అందరూ కింద కూర్చోవచ్చని రైల్వే రూలే ఉంది, మొహమాట పడకుండా అడగండి.

రెండోది, టికెట్ కొనేముందు రైలు ఎన్నింటికి బయల్దేరుతుందని కాదు, ఘాట్ ఎన్నింటికి దాటుతుందని చూడండి. మీ దారిలో ఘాట్ అంటే కాసిల్‌రాక్, కుళెం స్టేషన్ల మధ్య ఉన్నది. అక్కడే దూద్‌సాగర్ జలపాతం, 310 మీటర్ల ఎత్తునుంచి మెట్లు మెట్లుగా పడుతుంది, రైలు వంతెన దాని ఒళ్లోంచే వెళ్తుంది. వానాకాలంలో దాటితే నీటి తుంపర్లు పెట్టెలోకి వస్తాయి. అదే అర్ధరాత్రి దాటితే మీకు నిద్రలో ఓ చప్పుడు వినిపిస్తుందంతే. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా, అక్కడ బండి నెమ్మదించగానే దిగి పట్టాల మీద నడిచే కుర్రాళ్ల గుంపుల్లో కలవకండి. రైల్వేవాళ్లు కేసులు పెడుతున్నారు, పెట్టాలి కూడా.

అయినా నంద్యాలలో ఉండి గోవా దాకా ఎందుకండీ! గుంటూరు వైపు వెళ్లే పగటి రైలెక్కండి. గాజులపల్లి దాటగానే నల్లమలలోకి దూరుతుంది, బొగడ సొరంగం, చెలమ, దిగువమెట్ట, ఎండాకాలం వెళ్తే ఆకు రాలిన టేకు చెట్లు, వానలు పడ్డాక అదే అడవి గుర్తుపట్టలేనంత పచ్చగా ఉంటుంది. ఆ దారిలో రోజూ తిరిగే ఉద్యోగులు ఫోన్లో తల పెట్టుకుని కూర్చుంటారు. మీరూ వాళ్లలో ఒకరేమో నాకు తెలీదు.

ప్రశ్న: ఏ చోటికైనా బెస్ట్ సీజన్ చలికాలమేనా?
— విద్యార్థి, వరంగల్

జవాబు: కాదు. చలికాలం హాయిగా ఉంటుంది, అంతే. జలపాతాలకి, పడమటి కనుమలకి వానాకాలమే. కొంకణ్ రైల్వే ఆ నాలుగు నెలలూ వేరే టైమ్‌టేబుల్ పెట్టి రైళ్లని నెమ్మదిగా నడుపుతుంది, కొండచరియలు పడతాయన్న భయంతోనే అనుకోండి, మనకి మాత్రం అది వరం. మహారాష్ట్రలో కాస్ పీఠభూమి మీద పూలు ఆగస్టు, సెప్టెంబరులో. మున్నార్ నీలకురింజి పన్నెండేళ్లకోసారి, 2018లో పూసింది కాబట్టి మళ్లీ 2030. అరకులో వలిసె (అదో నూనెగింజల పంట) చేలు పసుపురంగు తిరిగేది నవంబరు, డిసెంబరుల్లో. పాపికొండల లాంచీలు గోదావరికి వరదొస్తే ఆపేస్తారు, నడిచే రోజుల్లో కూడా లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి. 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన ప్రమాదం మర్చిపోయే విషయం కాదు.

ప్రశ్న: అమ్మకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. నాన్నగారు పోయాక ఇల్లు కదలడం లేదు. ఎక్కువ నడక లేకుండా ఎక్కడికైనా తీసుకెళ్లాలని ఉంది.
— ఒక కుమార్తె, హైదరాబాద్

జవాబు: మెట్లున్న చోట్లన్నీ ముందే కొట్టేయండి. బొర్రా గుహలు, గండికోట అంచు రెండూ గొప్పవే, అమ్మగారికి వద్దు. గుహలో తడి మెట్లు, గండికోటలో పెన్నా లోయ పక్కన ఎత్తుపల్లాల రాళ్లు.

నీలగిరి రైలు చూడండి. చెన్నైలో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున మేట్టుపాళయంలో దించుతుంది, కొండ రైలు అక్కడే సిద్ధంగా ఉంటుంది. ఊటీకి 46 కిలోమీటర్లు, దాదాపు ఐదు గంటలు. నిటారు ఎక్కుడు కాబట్టి కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్లున్న ఇంకో పట్టా వేశారు, ఇంజిన్ చక్రం పళ్లు దాన్ని పట్టుకుని ఎక్కుతాయి. ఇంజిన్ వెనకనుంచి నెడుతుంది, అంటే ముందు పెట్టెకి ఎదురుగా ఏదీ అడ్డం ఉండదు. ఆ పెట్టెలో సీటు దొరికితే అమ్మగారు కదలక్కర్లేదు, కొండే ఆవిడ ముందుకొస్తుంది. టికెట్లు అరవై రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే చేయించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి చరియలు విరిగి రైలు రద్దవుతూ ఉంటుంది, ఆ నెలలు వద్దు. పెట్టెలు చిన్నవి, కాళ్లు చాపుకునే చోటు ఉండదు, అది కూడా ఆలోచించుకోండి.

అంతసేపు కూర్చోలేరంటే రామేశ్వరం. తిరుపతి నుంచి రైలుంది. 2025 ఏప్రిల్‌లో మొదలైన కొత్త పాంబన్ వంతెన మీద రెండు కిలోమీటర్ల పైచిలుకు రెండువైపులా సముద్రమే. ఆవిడకి దర్శనమూ అవుతుంది, "గుడికి వెళ్దాం" అంటే కదులుతారేమో కూడా.

ప్రశ్న: ఎక్కడికి వెళ్లినా మావారు కిటికీ పక్క సీటు వదలరు. పైగా పది నిమిషాలకే నిద్రపోతారు. ఏం చెయ్యమంటారు?
— పేరు రాయొద్దు అన్న పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఈసారి టికెట్ మీరు చేయించండి. సైడ్ లోయర్ బెర్తు అడగండి, పగలు దాన్ని మడిస్తే ఎదురెదురుగా రెండు సీట్లవుతాయి, రెండూ కిటికీ పక్కనే. ఆర్ఏసీ (పూర్తి బెర్తు కాకుండా సీటు మాత్రం ఖాయమైన టికెట్) వచ్చినా మీ ఇద్దరికీ కలిపి అదే ఇస్తే దిగులు పడకండి, పగటి ప్రయాణానికి అంతకన్నా మంచి చోటు ఆ పెట్టెలో లేదు. ఆయన నిద్రపోతే పోనివ్వండి, రాజమండ్రి దగ్గర గోదావరి వచ్చినప్పుడు మాత్రం లేపండి, చిల్లర ఆయన జేబులోనే ఉంటుంది కదా.