క్రూజ్ షిప్‌లో వెయిటర్ జాబ్ వచ్చింది, ఈత రాదు, సేఫ్టీ ట్రైనింగ్‌లో నెగ్గుకురాగలనా?

తమ్ముడూ, నేను ఆరేళ్లు క్రూజ్‌లో రెస్టారెంట్ సైడే చేశా. మాది వైజాగే, అయినా జాయినయ్యే ముందు నాకూ ఈత రాదు, బీచ్‌లో మోకాళ్ల లోతు దాటింది లేదు.

ముందు ఇక్కడ ఎస్‌టీసీడబ్ల్యూ బేసిక్ కోర్సు, అంటే షిప్‌లో పనిచేసేవాళ్లు చేయాల్సిన సేఫ్టీ ట్రైనింగ్, చేయాలి కదా, అందులో నువ్వు భయపడేది పూల్ ఒక్కటే. లైఫ్ జాకెట్ వేసి పైనుంచి దూకమంటారు, ఒక చేత్తో ముక్కు మూసుకుని రెండో చేత్తో జాకెట్ కిందకి అదిమి పట్టుకుని, నీళ్లకేసి చూడకుండా ఎదురుగా చూస్తూ ఒక్క అడుగు వేయడమే. నేను జాకెట్ వదిలేశా, అది ఎగిరి గడ్డానికి తగిలింది, రెండ్రోజులు ఇడ్లీలే గతి. బోర్లా పడ్డ రాఫ్ట్ (గాలి నింపిన ప్రాణరక్షణ తెప్ప) తిరగేయడం, జాకెట్ లేకుండా కాసేపు తేలడం కూడా ఉంటాయి, అందుకని ఈ నెల్లో ఏదైనా పూల్‌కి పోయి కనీసం తేలడం నేర్చుకో.

నాకైతే పూల్ కంటే, అదే కోర్సులో ఫైర్ ట్రైనింగ్‌కి పొగ నింపిన గదిలోంచి నడిపిస్తారే, అది కష్టమనిపించింది. కళ్లు కనపడవు, వంగి గోడ తడుముకుంటూ పోవాలి, అదీ అరచేత్తో కాదు, చేతి వెనక వైపుతో. తెగిన కరెంటు వైరు తగిలితే అరచెయ్యి దాన్ని బిగించి పట్టేసుకుంటుందట.

షిప్ ఎక్కాక నీకో ఎమర్జెన్సీ నంబర్ ఇస్తారు, ఏడు పొట్టి కూతలు ఒక పొడుగు కూత వినపడితే ఇక నువ్వు వెయిటర్‌వి కాదు, ఆ నంబర్ డ్యూటీయే నీ డ్యూటీ. నాది మెట్ల దగ్గర నిలబడి పాసింజర్లని మస్టర్ స్టేషన్‌కి, అంటే ఎమర్జెన్సీలో అందరూ చేరాల్సిన చోటుకి, పంపడం. మొదటి డ్రిల్లులో ఆఫీసర్ వచ్చి "ఈ మెట్ల నిండా పొగొస్తే ఎటు పంపుతావ్" అన్నాడు, నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి డిన్నర్ షిఫ్ట్ అయ్యాక కాళ్లు పీకుతున్నా నా జోన్‌లో మెట్లన్నీ ఎక్కి దిగా. ఈత రాకపోయినా నడుస్తుంది గానీ ఇది తెలీకపోతే నీ వెనకున్న జనం మొత్తం ఇరుక్కుపోతారు.

డ్రిల్లు ఎందుకంత ముఖ్యమంటే, 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ షిప్ రాయికి గుద్దుకుని 32 మంది పోయారు. అప్పట్లో పాసింజర్ డ్రిల్ 24 గంటల్లోపు పెడితే చాలని రూలు, ఆ రోజు ఎక్కినవాళ్లకి అసలు డ్రిల్లే అవలేదు. 2015 నుంచి షిప్ కదిలే ముందో కదలగానేనో పెట్టాలి. క్రూకైతే వారం వారం ఉంటుంది, అదీ సరిగ్గా నువ్వు బయటికెళ్లి ఇంటికి వీడియో కాల్ చేద్దామనుకున్న పోర్ట్ డే రోజే పెడతారు, తిట్టుకుంటూనే వెళ్లేవాళ్లం.

ఇంకోటి, ఆ ఎస్‌టీసీడబ్ల్యూ కోర్సు ఐదేళ్లకోసారి రిఫ్రెష్ చేయించాలి, కాంట్రాక్ట్ మధ్యలో ఎక్స్‌పైర్ అవకుండా తేదీ ఇప్పుడే చూసుకో.