పార్కు కచేరీలో డప్పు మెత్తబడుతోందా? ఇలా చేసి చూడండి

అమలాపురం పార్కులో ఆదివారం కచేరీకి ఏడు దాటేసరికి డప్పు మోత తగ్గిపోతోందని, బుర్రకథ మాటలు వెనక వాళ్లకి అందక మైకు పెంచితే కూస్తోందని రాశారు. తప్పు కళాకారులది కాదండీ.

మన కోనసీమలో పొద్దుగూకాక గాలిలో తేమ పెరుగుతుంది. తోలు ఆ తేమ పీల్చి వదులవుతుంది. డప్పు వాళ్లు మంట దగ్గర కాచుకునేది అందుకే. పార్కు వాళ్లని ముందే అడిగి, ఇసుక పోసిన ఇనప బొచ్చెలో కొబ్బరి చిప్పల నిప్పులు పెట్టించండి, పక్కనే బకెట్‌తో నీళ్లు. పాటకీ పాటకీ మధ్య కాచుకునే టైము తప్పకుండా ఇవ్వండి. ఆ నాలుగు నిమిషాలూ వృథా అనుకోవద్దు, డప్పుకి ప్రాణం అక్కడే ఉంది.

కూతకి కారణం స్పీకర్ శబ్దం తిరిగి మైకులోకి వెళ్లడం. స్పీకర్లని కళాకారుల కంటే ముందుకు జరిపి జనం వైపు తిప్పండి. బుర్రకథలో కథకుడు తంబురా పట్టుకుని అడుగులేస్తూ కదులుతాడు. స్టాండు మైకు ముందు కట్టేసినట్టు నిలబెడితే కథే నీరసపడుతుంది. తలకి తగిలించుకునే మైకు అద్దెకి తెండి. డప్పుకి మైకు వద్దు.

రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకరే కాదు, డప్పులాంటి వాయిద్యాలూ కూడదు కాబట్టి కచేరీ అంతా ఆలోపే ముగించేయండి.