జబ్బులే చంపాయా?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. కొలంబస్ వెళ్లాక అమెరికాలో స్థానిక ప్రజలు ఎందుకు తగ్గిపోయారు అంటే "యూరప్ వాళ్లు చంపేశారు" అని రాశాడు. ట్యూషన్ సారేమో వాళ్లు పోయింది మశూచి లాంటి జబ్బులతోనని, క్రిముల సంగతి అప్పటికి ఎవరికీ తెలీదు కాబట్టి అది ఎవరి తప్పూ కాదని చెప్పారట. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: సారు చెప్పినదాంట్లో సగం నిజమేనమ్మా. ఎక్కువమంది ప్రాణాలు తీసింది జబ్బులే. కానీ "ఎవరి తప్పూ కాదు" అనే మాటను నేను ఒప్పుకోను, సంవత్సరాలు చూస్తేనే అది నిలబడదు.

కొలంబస్ 1492 డిసెంబరులో చేరిన హిస్పానియోలా దీవినే తీసుకోండి, ఇప్పటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్నది అక్కడే. ఆ దీవిలోని తైనో ప్రజలకు మశూచి సోకింది 1518 చివర్లో. అంతకు ముందే, 1514లో, పనివాళ్లను పంచుకోవడానికి స్పెయిన్ వాళ్లే తీసిన లెక్కలో మిగిలింది సుమారు 26 వేల మంది. మొదట్లో ఎంతమంది ఉండేవారో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు, చాలామంది అంచనా మాత్రం లక్షల్లోనే. వేరే జ్వరాలు ముందే వచ్చి ఉండొచ్చు, అయినా ఈ మధ్యలో ఏం జరిగిందో కూడా చూడాలి కదా.

1495లో కొలంబస్ పన్ను వేశాడు. బంగారం దొరికే చోట పద్నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ మూడు నెలలకోసారి, డేగ కాలికి కట్టే చిన్న గంట ఉంటుంది చూడండి, దాని నిండా బంగారం తెచ్చివ్వాలి. ఇచ్చినవాళ్ల మెడలో బిళ్ల వేసేవారు, బిళ్ల లేనివాళ్లకు శిక్ష. ఏటి ఇసుకలో అంత బంగారం ఎక్కణ్ణుంచి వస్తుంది? అదే ఏడాది 500 మందికి పైగా పట్టి, అమ్మడానికి స్పెయిన్‌కు ఓడల్లో పంపితే సుమారు 200 మంది దారిలోనే పోయారు, శవాలను సముద్రంలోకి విసిరేశారు. తర్వాత మగవాళ్లను నెలల తరబడి గనులకు తోలుకుపోయారు. ఊళ్లో కర్రపెండలం నాటే దిక్కు లేదు, తిండి లేదు, పిల్లలు పుట్టడమే తగ్గిపోయింది. అలా బక్కచిక్కిన జనం మీదికి వచ్చింది మశూచి.

పాతరోజుల్లో మన ఇళ్లల్లో అమ్మవారు పోస్తే వేపమండలు కట్టి, ఒకసారి వచ్చి తగ్గినవాళ్లను పక్కన కూర్చోబెట్టేవారు, వాళ్లకు మళ్లీ రాదు కాబట్టి. 1520లో మెక్సికోలో స్థానికుల్లో అలాంటివాళ్లే లేరు. ఇంటిల్లిపాదీ ఒకేసారి పడిపోయారు, గంజి కాచిచ్చే మనిషి లేక ఆకలితో పోయినవాళ్లూ ఎందరో ఉన్నారని అక్కడివాళ్లే తర్వాత చెప్పి రాయించారు.

ఇక అప్పటివాళ్లకు తెలీదంటారా? 1511లోనే హిస్పానియోలాలోని శాంటో డొమింగో పట్నంలో ఆంటోనియో మొంతెసినోస్ అనే ఫాదర్, స్పెయిన్ పెద్దలంతా కూర్చున్న చర్చిలో, వీళ్లు మనుషులు కారా, ఏ హక్కుతో వీళ్లను బానిసలను చేశారని మొహం మీదే నిలదీశాడు. క్రిముల గురించి తెలియకపోవచ్చు, తిండి పెట్టకుండా గనిలో తవ్విస్తే మనిషి చస్తాడని తెలీదా? మీవాణ్ణి జబ్బుల గురించి కూడా ఓ రెండు వాక్యాలు చేర్చమనండి, రాసింది కొట్టేయక్కర్లేదు.

ప్రశ్న: ఆ ప్రయాణాలు లేకపోతే మనకు వేరుశనగ, టమాటా, మిరప వచ్చేవే కావు. ఆ మేలు కూడా ఒప్పుకోవాలి కదా?
– ఒక రైతు, పలమనేరు

జవాబు: పంటల వల్ల మనకు మేలు జరిగింది, కాదనను. మిరపను మన తీరానికి తెచ్చింది పోర్చుగీసు ఓడలే, మన మెట్ట చేలల్లో వేరుశనగ, మదనపల్లె మార్కెట్లో టమాటా కూడా అటునుంచి వచ్చినవే. కానీ అడవి మొక్కలను వేల ఏళ్లపాటు సాగుచేసి పంటలుగా మార్చింది అక్కడి రైతులు, ఓడలవాళ్లు కాదు. విత్తనం చేతులు మారడానికి బేరం చాలు, దానికి ఊళ్లు ఖాళీ చేయించక్కర్లేదు. వేరుశనగ పుట్టిల్లు బొలీవియా ప్రాంతమే, పొటోసి వెండి గనులున్నదీ ఆ దేశంలోనే. 1570ల నుంచి చుట్టుపక్కల కొండ ఊళ్లు ఏటా ప్రతి ఏడుగురు మగవాళ్లలో ఒకరిని ఆ గనుల వెట్టికి పంపాల్సి వచ్చింది, అది 1812 దాకా రద్దు కాలేదు.