నీరున్న లవణాల్లో మోల్స్ లెక్క: 159.5తో భాగించాలా, 249.5తోనా?

మీరు అడిగింది ఇదీ: 2.495 గ్రాముల కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ (CuSO₄·5H₂O, అంటే యూనిట్‌కు ఐదు నీటి అణువులున్న లవణం) ఇచ్చారు. అందులో నీటి అణువులు, ఆక్సిజన్ పరమాణువులు, అయాన్లు (ఆవేశమున్న కణాలు) ఎన్నెన్నో చెప్పాలి. 159.5తో భాగిస్తే ఒక జవాబు, 249.5తో భాగిస్తే ఇంకో జవాబు వస్తోంది, ఏది కరెక్ట్ అని.

249.5. ఎందుకంటే త్రాసు మీద పెట్టింది నీలం స్ఫటికాన్ని. ఆ 2.495 గ్రాముల్లో కాపర్ బరువు, సల్ఫేట్ బరువు, నీటి బరువు అన్నీ కలిసే ఉన్నాయి. భాగించే సంఖ్యలోనూ అవన్నీ ఉండాలి. 159.5 అనేది నీరంతా పోయి తెల్లబడిన పొడికి చెందిన సంఖ్య. ప్రశ్నలో 'అనార్ద్ర' (నీరు లేని) అనే మాట కనిపిస్తేనే దాన్ని బయటికి తీయండి.

ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతూ, ల్యాబ్ కూడా చూసుకుంటూ చాలా ఏళ్లు గడిపాను. ఈ అధ్యాయంలో తప్పులు ఎక్కువగా మొదటి మెట్టు మీదే జరుగుతాయి. మాది కర్నూలు వైపు కాబట్టి క్లాసులో వేరుశనగ కాయలతో చెప్పేవాణ్ణి. బస్తాలో కాయలెన్నో తెలియాలంటే బస్తా బరువును ఒక్క కాయ బరువుతో, పొట్టుతో సహా, భాగిస్తాం. కాయలెన్నో తేలాక, కాయకు రెండు గింజలు అనుకుంటే గింజల లెక్క గుణకారమే. ఇక్కడ కాయ అంటే ఒక ఫార్ములా యూనిట్, పొట్టూ గింజలూ అంటే అందులోని అయాన్లూ నీళ్లూ. భాగహారం ఒక్కసారే, తర్వాతవన్నీ గుణకారాలే.

ఇప్పుడు మీ లెక్క. కాపర్ 63.5, సల్ఫర్ 32, నాలుగు ఆక్సిజన్లకు 64, మొత్తం 159.5. ఐదు నీటి అణువులకు 5 × 18 = 90. కలిపితే 249.5. ఫార్ములాలో కాపర్ సల్ఫేట్‌కీ నీటికీ మధ్య ఉండే చుక్క గుణకారం గుర్తు కాదు. 159.5ను 90తో గుణించి పద్నాలుగు వేల పైచిలుకు అణుభారం వేసిన జవాబు పత్రాలు కూడా దిద్దాను. ఆ చుక్కకు అర్థం 'దీనితో పాటు ఇన్ని నీళ్లు' అని, అంతే.

2.495ను 249.5తో భాగిస్తే 0.01 మోల్ (ఒక మోల్ అంటే 6.022 × 10²³ యూనిట్లు, అదే అవగాడ్రో సంఖ్య). ఒక్కో యూనిట్‌కు ఐదు నీటి అణువులు కాబట్టి నీరు 0.05 మోల్, అంటే 3.011 × 10²² అణువులు. ఆక్సిజన్‌కు సల్ఫేట్‌లో నాలుగు, నీళ్లలో ఐదు, మొత్తం తొమ్మిది: 0.09 మోల్, సుమారు 5.42 × 10²² పరమాణువులు. హైడ్రోజన్ ఉన్నది నీళ్లలోనే, యూనిట్‌కు పది: 0.1 మోల్. అయాన్ల దగ్గర నీటిని ముట్టుకోకండి, దానికి ఆవేశం లేదు. ఒక కాపర్ అయాన్, ఒక సల్ఫేట్ అయాన్, అంటే యూనిట్‌కు రెండు: 0.02 మోల్, 1.204 × 10²². మొత్తం పరమాణువులు అడిగితే 1 + 1 + 4 + 15 = 21, కాబట్టి 0.21 మోల్.

ఆక్సిజన్ దగ్గర కొందరు నాలుగుతో, కొందరు ఐదుతో ఆగిపోతారు. ఆప్షన్లు ఇచ్చేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు, 0.04, 0.05, 0.09 మూడూ పక్కపక్కనే పెడతారు. ఇంకో వల కూడా ఉంది: నీటి అణువులు అడగ్గానే ఇచ్చిన గ్రాములను నేరుగా 18తో భాగించేయడం. ఆ గ్రాములన్నీ నీళ్లు కావు కదా. 249.5లో నీటి వాటా 90, అంటే దాదాపు 36 శాతం.

అవగాడ్రో సంఖ్యతో గుణించడాన్ని చివరిదాకా వాయిదా వేయండి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్), నీట్ హాల్లో క్యాలిక్యులేటర్ ఉండదు. 10²³ను మొదటి వరుసలోనే లాక్కొచ్చి, ప్రతి వరుసలోనూ మోసుకుంటూ ఘాతాల్లో పొరపాటు పడి టెన్షన్ పడటం దేనికి? మోల్స్ దశాంశాల్లోనే ఉంచి, ఆఖరున ఒక్కసారి గుణిస్తే సరి. (మన లెక్కలో చెప్పాలంటే అవగాడ్రో సంఖ్య సుమారు 602 కోట్ల కోట్ల కోట్లు. 2019 మే నుంచి దీన్ని 6.02214076 × 10²³ అని కచ్చితంగా స్థిరపరిచారు. పరీక్షకు 6.022 చాలు.)

ఇదే పద్ధతి ఏ లవణానికైనా సరిపోతుంది. పటిక తీసుకోండి, అంటే పొటాష్ ఆలం. పొటాషియం 39, అల్యూమినియం 27, రెండు సల్ఫేట్లకు 192, పన్నెండు నీళ్లకు 216, మొత్తం 474. బరువులో దాదాపు 46 శాతం నీళ్లే. పటికను పెనం మీద వేడి చేస్తే పొంగి బొరుగులా తేలిపోవడం ఇళ్లలో చూసే ఉంటారు, ఆవిరై బయటికొచ్చేది ఈ స్ఫటిక జలమే.

పొలంలో కూడా ఈ లెక్క ఉంది. పంట తెగుళ్లకు చల్లే బోర్డో మిశ్రమం ఒక శాతం అంటే కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. మైలుతుత్తం అంటే మన పెంటాహైడ్రేటే. కిలోలో కాపర్ 63.5/249.5 వంతు, సుమారు 254 గ్రాములు. 'ఒక శాతం' అని చెప్పుకునేది నీలం స్ఫటికాల బరువును బట్టి. కాపర్ లెక్కన చూస్తే అది పావు శాతమే.

ల్యాబ్‌లో ఇది మార్కులతో పోయేది కాదు, ద్రావణమే పాడవుతుంది. 0.05 మోలార్ (లీటరుకు 0.05 మోల్) ఆక్సాలిక్ ఆమ్లం 250 మిల్లీలీటర్లు కావాలి అనుకుందాం. సీసాలో ఉండేది సాధారణంగా డైహైడ్రేట్ (రెండు నీళ్లున్నది), అణుభారం 126. 126 × 0.05 × 0.25 = 1.575 గ్రాములు తూచాలి. నీటిని మరచి 90 వేసుకుంటే 1.125 గ్రాములే తూస్తారు, ద్రావణం 0.0357 మోలార్ అవుతుంది. దానితో పర్మాంగనేట్ ద్రావణం గాఢత కొలవడానికి ఎంత జాగ్రత్తగా టైట్రేషన్ చేసినా జవాబు తప్పే వస్తుంది.

సీసా మీది ఫార్ములాను కూడా గుడ్డిగా నమ్మలేం. ఒకసారి ఎండాకాలంలో బట్టల సోడా సీసా మూత సరిగా బిగించక, పారదర్శకమైన స్ఫటికాలు కాస్తా తెల్లటి పొడి అయ్యాయి. అది గమనించకుండా ల్యాబ్‌లో ఎవరో దాన్నే తూచి ద్రావణం చేసి పెట్టారు. బ్యాచ్ మొత్తానికీ ఆమ్లం రావాల్సిన దానికంటే బాగా ఎక్కువ ఖర్చయింది. పిల్లలు తమ చేతుల్లోనే తప్పుందనుకుని మళ్లీ మళ్లీ బ్యూరెట్ నింపారు. జరిగింది ఇదీ: బట్టల సోడా స్ఫటికం అంటే సోడియం కార్బొనేట్ డెకాహైడ్రేట్ (పది నీళ్లున్నది), అణుభారం 286. పొడి గాలిలో తొమ్మిది నీళ్లు వదిలేసి మోనోహైడ్రేట్ అయితే 124. అంటే అదే 2.86 గ్రాములు తూచినా, స్ఫటికాల్లో 0.01 మోల్ ఉంటే పూర్తిగా మారిన పొడిలో సుమారు 0.023 మోల్ ఉంటుంది. సగం మారిన పొడికైతే ఏ అణుభారమూ సరిపోదు. ఆక్సాలిక్ ఆమ్లం డైహైడ్రేట్ మామూలు గాలిలో ఇంత తేలిగ్గా మారదు కాబట్టే దాన్ని ప్రామాణిక ద్రావణాలకు (గాఢత కచ్చితంగా తెలిసినవాటికి) వాడతారు.

తిరగేసిన లెక్క కూడా అడుగుతారు, ఎన్ని నీళ్లున్నాయో కనుక్కోమని. ఉదాహరణకు 4.92 గ్రాముల ఎప్సమ్ లవణాన్ని (నీరున్న మెగ్నీషియం సల్ఫేట్‌ను) వేడి చేస్తే 2.40 గ్రాములు మిగిలింది. పోయిన నీరు 2.52 గ్రాములు, 18తో భాగిస్తే 0.14 మోల్. మిగిలింది అనార్ద్ర మెగ్నీషియం సల్ఫేట్ కాబట్టి ఇక్కడ 120తోనే భాగించాలి: 0.02 మోల్. 0.14ను 0.02తో భాగిస్తే 7. నీరు వేరుగా, లవణం వేరుగా తూగిన లెక్క ఇది, అందుకే ఇక్కడ రెండు భాగహారాలు వచ్చాయి.

పుస్తకంలో 7 వస్తుంది, ల్యాబ్‌లో 6.6 లాంటిది వస్తుంది. నీరు ఇంకా మిగిలి ఉంటే అలా తగ్గుతుంది. అందుకే వేడి చేయడం, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చడం, తూచడం, బరువు ఇక మారదు అనేంతవరకు చేయాలి. బయట చల్లారిస్తే అనార్ద్ర లవణం గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది. కాపర్ సల్ఫేట్‌తో ఇదే ప్రయోగం చేస్తుంటే మంట మరీ పెంచకండి. తెల్ల పొడి నల్లబడుతోందంటే లవణమే విడిపోయి కాపర్ ఆక్సైడ్ అవుతోందని అర్థం, అప్పుడు నీళ్లు ఐదు కంటే ఎక్కువ ఉన్నట్టు లెక్క చూపిస్తుంది.

మీరు చేసి చూసుకోవడానికి మోర్ లవణం బాగుంటుంది. ఫెర్రస్ సల్ఫేట్ ఒకటి, అమ్మోనియం సల్ఫేట్ ఒకటి, నీళ్లు ఆరు, అణుభారం 392. 3.92 గ్రాములు తీసుకోండి. నీరు 0.06 మోల్, ఆక్సిజన్ 0.14, అయాన్లు 0.05, హైడ్రోజన్ 0.20 రావాలి. అయాన్లు 0.04 దగ్గర ఆగిపోతే, అమ్మోనియం అయాన్లు రెండన్న సంగతి వదిలేశారు. హైడ్రోజన్ 0.12 వచ్చిందంటే నీళ్లలోవి మాత్రమే లెక్కేశారు, అమ్మోనియంలోని ఎనిమిదీ మిగిలిపోయాయి.